ఆది జాకెట్టు మీద నీలిసుద్ద గీత

దెయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను, కాకపోతే మా మేనత్త కుట్టుమిషను ఉన్న గదిలో కాస్త మెల్లగా నవ్వుతాను.

మాది రాజోలు. ఇంట్లోంచే ఒక హైదరాబాదు కంపెనీకి వెబ్‌సైట్లు చేస్తుంటాను. నా బల్ల పక్కనే అత్తయ్య మిషను. మా వీధిలో సగం మంది జాకెట్లు ఆవిడ కుట్టినవే. పోయి రెండేళ్లయింది.

ఆ రోజు మా తెలుగు సైటులో బటన్ల మీది అక్షరాలు అడుగున తెగిపోయాయి. ‘కొబ్బరి’ అని రాసున్న బటనులో కింద ఒత్తు కనబడట్లేదు. మేం ఒకే బటను తయారుచేసుకుని దాన్నే అన్ని పేజీల్లోనూ వాడతాం. నేను మాత్రం బుద్ధిలేకుండా పేజీ పేజీకీ వెళ్లి విడివిడిగా సరిచేస్తున్నాను. ఒకచోట బాగైతే ఇంకోచోట పాడయ్యేది.

సాయంత్రానికి అవ్వకపోతే సోమవారం నుంచి ఆఫీసుకు వచ్చేయమన్నారు మేనేజరు. “ఆయ్, అలాగేనండి” అన్నాను గానీ ఏడుపొచ్చింది. మళ్లీ ఆ హాస్టలు గది, ఆ నీళ్ల పప్పు నా వల్ల కాదు.

మధ్యాహ్నం అమ్మ నన్ను చెయ్యిపట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి, ఎదురుగా కూర్చుని చేపల పులుసుతో అన్నం తినిపించింది. తిరిగొచ్చేసరికి కీబోర్డు మీద అమ్మ ఆది జాకెట్టు ఉంది, కొత్తవి కుట్టేటప్పుడు కొలతకిచ్చే పాతది. దాని కింది మడత విప్పి ఉంది. అక్కడ నీలిసుద్దతో ఒక గీత.

పని నేర్చుకునే పిల్లల్ని అత్తయ్య కసిరే కసురు చెవిలో మోగింది. “కుట్టినవన్నీ విప్పుకుంటా కూర్చుంటావేంటే? ముందు ఆది సరిచూసుకో.”

పేజీల్లో చేసిన అతుకులన్నీ తీసేశాను. అసలు బటను తెరిచి అడుగున కాస్త జాగా వదిలాను. అన్ని పేజీల్లోనూ ఒత్తులు నిండుగా వచ్చేశాయి. ఆనందంతో మిషనుకి దణ్ణం పెట్టేశాను.

ఆ జాకెట్టు ఉండే ట్రంకుపెట్టెకి తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి అమ్మ బొడ్లోనే ఉంది. ఇంట్లో సుద్దముక్కన్నది లేదు. అమ్మ జాకెట్టు తిప్పి చూసి, “మా వదినగారు ఊరుకుంటారేంటి, పని పాడుచేస్తుంటే?” అని నవ్వేసింది.

నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మర్నాడు కొత్త నీలిసుద్ద కొని మిషను మీద పెట్టాను. మొన్న చూస్తే ఒక మూల అరిగింది.

అమ్మని అడగలేదు. “నేనే వాడాను” అంటుందేమోనని భయం.