బుగ్గ మీద తేదీ

మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు. ఆయనకున్న పని ఒక్కటే, నిద్ర. మిగిలినవన్నీ మధ్యలో వచ్చే ఆటంకాలు. అందరం నిద్రగన్నేరుగారు అని పిలిచేవాళ్ళం. ఆ చెట్టయినా సాయంత్రం దాకా ఆగి ముడుచుకుంటుంది, ఈయన పొద్దున్న పదిన్నరకే ముడుచుకునేవాడు.

వచ్చిన కాగితాల మీద తేదీ ముద్ర వేయడం ఆయన ఉద్యోగం. ముద్ర ఎత్తేవాడు, దించేలోపు కునుకు పట్టేది, తల వెళ్ళి ఆ ముద్ర మీదే వాలేది. సాయంత్రం ఇంటికి బయల్దేరేసరికి కుడి బుగ్గ మీద ఆ రోజు తేదీ నీలంగా అచ్చుపడి ఉండేది. మా సెక్షన్లో కాలెండరు కొనడం మానేశాం.

మీటింగుల్లో "మీరేమంటారు?" అని అడిగితే కళ్ళు తెరవకుండానే "నేనూ అదే అంటున్నానండీ" అనేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు.

ఓసారి పక్కగదిలో వైర్లు కాలి పొగలొచ్చాయి.

"లేవండి మహాప్రభో, నిప్పు!" అని అరిచాను.

"ఎంత నిప్పు?"

"చిన్నదే."

"పెద్దదయ్యాక లేపండి."

రాత్రంతా పేకాటట అని ఒకరు, రెండో సంసారమట అని ఇంకొకరు. అడిగితే, "వయసండీ, వయసు" అని ఆవులించేవాడు.

కొత్తగా వచ్చిన ఆఫీసరుకి మాత్రం నవ్వు రాలేదు. సెక్షన్ సూపరింటెండెంటుని నేనే కదా, పిలిచాడు. "సోమవారానికి ఆయన మీద రిపోర్టు నా బల్ల మీదుండాలి. ఉద్యోగం ఊడితే ఊడనీండి." పాపం, రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది ఆయనకి. రాయడానికి చెయ్యి రాదు, రాయకపోతే అది నా మెడకే చుట్టుకుంటుంది.

సరిగ్గా ఆ వారమే మా నాన్నకి ఆపరేషన్. ఆస్పత్రి వరండాలో మూడు రాత్రులు. లోపలికెళ్ళి మనవాళ్ళని చూసి రావడానికి నర్సు తలుపు తీసి రోగి పేరు ఒక్కసారే పిలుస్తుంది. పలక్కపోతే ఇంకొకరిని పిలుస్తుంది, మన వంతు మళ్ళీ మర్నాడే. రెండో రాత్రి కన్నంటుకుని ఆ పిలుపు కాస్తా పోగొట్టుకున్నాను. నిద్ర సుఖమెరగదంటారు గానీ, ఆ తర్వాత సుఖం మాట అటుంచి, నిద్రంటేనే భయం పట్టుకుంది. ఒళ్ళంతా పచ్చిపుండు.

మూడో రాత్రి రెండు గంటలకి చూస్తే, బెంచీ మీద ఒక ముసలమ్మ గుర్రు పెడుతోంది. పక్కన ఒక మనిషి చేతిలో చిన్న నోట్‌బుక్కుతో నిటారుగా కూర్చున్నాడు. తలెత్తి చూశాడు. మా నిద్రగన్నేరుగారే! ఆయన కళ్ళు తేనె రంగులో ఉంటాయని తొమ్మిదేళ్ళకి ఆ రాత్రి తెలిసింది నాకు.

"మీరిక్కడేమిటి? ఎవరికి బాగాలేదు?"

"మావాళ్ళెవరూ లేరండీ. ఈవిడెవరో, పాపం నాలుగు రోజుల్నుంచి కన్ను మూయలేదట. పిలిస్తే లేపుతానన్నాను. అదిగో, ఆ మూలాయన కూడా నా మీద భారం వేసే పడుకున్నాడు."

"రోజూ వస్తారా?"

"మా అమ్మని ఇక్కడ చేర్చినప్పుడు, ముక్కూమొహం తెలియని ఒకాయన నన్ను ఇలాగే నాలుగు గంటలు పడుకోబెట్టాడు. ఆహా, ఏం నిద్రండీ అది! మళ్ళీ అలాంటిది దొరుకుతుందేమోనని ఆఫీసులో వెతుకుతున్నా."

నాకు సిగ్గేసింది. దాచలేకపోయాను. "మీ మీద రిపోర్టు రాయమన్నారండీ."

"రాయండి, తప్పేముంది? ముందు మాత్రం పడుకోండి. నిద్రమత్తులో రాస్తే తప్పులు దొర్లుతాయి. నాన్నగారి పేరు చెప్పండి."

పేరు రాసుకున్నాడు. చెప్పులు విప్పడం వరకే నాకు గుర్తుంది.

భుజం మీద చెయ్యి పడింది. ఐదున్నర. "లేవండి, పిలుస్తున్నారు. నాన్నగారికి తెలివొచ్చిందట!" ఆయన మొహంలో వెలుగు చూస్తే, లోపలున్నది ఎవరి నాన్నో అర్థం కాలేదు.

సోమవారం ఆఫీసరు నా బల్ల దగ్గరికే వచ్చాడు. వెనకాల గురక సాగుతోంది.

"రిపోర్టేదీ?"

"నేను రాయనండీ." జరిగిందంతా చెప్పేశాను. నా ఉద్యోగమూ పోతే పోయిందనుకున్నాను.

ఆఫీసరు ఆ నిద్రపోతున్న మొహంకేసి చాలాసేపు చూశాడు.

"పోనీ, రాత్రి డ్యూటీ వేస్తే?"

"రాత్రిళ్ళు ఆయనకి తీరికెక్కడిదండీ!"

ఆఫీసరు గొంతు బాగా తగ్గించాడు.

"సరే, ఆ ఫ్యాను కాస్త ఆయన వైపు తిప్పండి."