గట్టు మీద సగంలో ఆగిన చప్పుడు

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కింద పడుకోవద్దని మా అత్తగారు చెబితే, చాప తీసుకెళ్ళి అక్కడే పడుకునేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ చెబితే నవ్వొస్తుంది. కానీ మా టమోటా చేనులో పట్టపగలు జరిగినదానికి మాత్రం నవ్వు రాదు.

మాది కెలవరపల్లి డ్యాం దగ్గర రెండెకరాల సేద్యం. మా ఆయనకు పిట్టలన్నా చెట్లన్నా ప్రాణం. చేనుకు పురుగుమందు కొట్టించే ముందు ఒక స్టీలు పళ్ళెం, కర్ర పట్టుకుని గట్టు చుట్టూ తిరిగేవారు. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ మూడు దెబ్బలు. మొక్కల కింద గూళ్ళు పెట్టుకున్న కౌజు పిట్టలు లేచిపోవాలని ఆయన తాపత్రయం. "లేయండప్పా, మందు కొడతాండారు, పోయి మళ్ళీ రాండి" అని వాటితో మాట్లాడేవారు కూడా. పక్క చేను ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఒకసారి ఆయన కృష్ణగిరిలో పెళ్ళికి వెళ్ళారు. ఆ రోజు మందు కొట్టించే పని నాది. ఎండ ఎక్కుతోంది, ఇక పళ్ళెం చాదస్తం ఎందుకులే అని నేరుగా కొట్టించేశాను. సాయంత్రం ఆయన వచ్చి చూస్తే ఒక సాలులో తల్లి పిట్ట, దాని రెక్కల కింద నాలుగు పిల్లలు చచ్చిపడి ఉన్నాయి.

"పళ్ళెం కొట్టినావా?" అని అడిగారు.

"కొట్టినాను" అన్నాను.

ఆయన నమ్మారు. "అట్లయితే నేను ఇన్నాళ్ళూ కొట్టిందంతా ఉత్తదే" అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆ తర్వాత కూడా పళ్ళెం కొట్టేవారు గానీ, పిట్టలతో మాట్లాడటం మానేశారు. అది చూసినప్పుడల్లా నిజం నోటిదాకా వచ్చేది. చెప్పలేదు. రెండేళ్ళకు గుండె ఆగి ఆయన పోయారు.

మా వాళ్ళు పోయినవాళ్ళను సొంత పొలంలోనే పూడ్చిపెడతారు. వాళ్ళకు ఇష్టమైన వస్తువొకటి పక్కన పెడతారు. ఆ పళ్ళెం, కర్ర నా చేతులతో నేనే గుంతలో పెట్టాను. మీద మన్ను పడటం కళ్ళారా చూశాను.

మూడు నెలల తర్వాత టమోటాకు పురుగు పడింది. మందు కొట్టడానికి మునెప్ప అనే కూలి మనిషి వచ్చాడు. ఉదయం ఎనిమిదిన్నర అయి ఉంటుంది. అతను డ్రమ్ములో మందు కలుపుతున్నాడు. నేను తూర్పు మూల బోరు దగ్గర ఉన్నాను. పళ్ళెం గుర్తొచ్చింది. అయినా ఇంకో పళ్ళెం తెచ్చి కొట్టలేదు.

అప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు. కాస్త ఆగి మళ్ళీ మూడు.

మునెప్ప తలెత్తాడు. "ఎవురక్కా ఆడ కొడతాండేది?" అన్నాడు.

పడమటి గట్టు మీద ఎవరూ లేరు. కానీ ఆ పక్కన పిట్టలు గుంపుగా లేచాయి. తర్వాత ఇంకొంచెం ఇవతల లేచాయి. ఎవరో నడిచి వస్తున్నట్టు చప్పుడు, దానితోపాటే పిట్టలు, ఉత్తరం మూల తిరిగి మా వైపు వచ్చాయి. మునెప్ప మందు కలిపే కర్ర పడేసి రోడ్డు మీదికి పరిగెత్తాడు. నేను బోరు దగ్గరే ఉండిపోయాను.

చప్పుడు నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. గట్టు మీద గడ్డి కూడా కదలడం లేదు. అక్కడ ఎవరో ఉన్నారని మాత్రం నాకు తెలుస్తోంది. ఆ వైపే చూస్తూ అన్నాను:

"ఆ పొద్దు నేను పళ్ళెం కొట్టలేదు. మీకు అబద్ధం చెప్పినాను."

చప్పుడు మళ్ళీ మొదలు కాలేదు.

తర్వాత చుట్టుపక్కల అందరినీ అడిగాను. రాగి చేలలో పిట్టలను తోలడానికి డబ్బాలు కొడతారు గానీ, అప్పటికి ఎవరి చేనూ వెన్ను తీసి గింజ పట్టలేదు. మునెప్ప తన పిల్లల మీద ఒట్టేసి విన్నానంటాడు. చప్పుడు తిరగని మిగతా సగంలో పిట్టలు ఇంకా గూళ్ళలోనే ఉంటాయని, అక్కడ మందు కొట్టనన్నాడు. నేనూ కొట్టమనలేదు. ఆ సగం పంట పురుగుల పాలైంది. గుంత తవ్వి చూసే ధైర్యం నాకు లేదు.

మన్నులో ఉన్న పళ్ళెం ఎలా మోగిందో ఈరోజుకీ తెలియదు. అంతకంటే భయపెట్టేది ఇంకొకటి ఉంది. మా ఆయన ఏ రోజూ చుట్టు పూర్తి చేయకుండా వెనుదిరిగిన మనిషి కాదు. నా మాట విన్నాక ఆ మిగతా సగం ఎందుకు తిరగలేదు? నన్ను క్షమించి వెళ్ళారో, నా ముఖం చూడలేక వెళ్ళారో, చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.