ఎలుగుబంటి మామ తాళాలు

మా అక్కకి కోపమే రాదని అందరూ అంటారు. తోడబుట్టినదాన్ని, నన్నడగండి చెప్తాను. నాకు కోపమొస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అక్కకొస్తే గొంతు తగ్గిపోతుంది. అంతే తేడా. గొంతు ఎంత తగ్గితే ఎదుటివాడికి అంత మూడినట్టు.

అక్క పాటల టీచరు. ఇరవై రెండేళ్లుగా ఒకే బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకి పాటలు నేర్పుతోంది. ఆ బడికి రెండు వీధులవతల నా కుట్టుమిషను కొట్టు. వార్షికోత్సవానికి పిల్లల వేషాలన్నీ నేనే కుడతాను.

అక్క పాట నేర్పే పద్ధతే వేరు. ప్రతి పాటలోనూ ఒకచోట ఖాళీ వదులుతుంది. అక్కడ ఎవరో ఒక పిల్ల ముందుకొచ్చి తనకి తోచిన మాట అనాలి, మిగతావాళ్లంతా అదే మాట అందుకోవాలి. "పాటంతా మనమే రాసిస్తే అది మన పాటేనే. ఒక్కమాట వాళ్లది పడితే ఇంటికెళ్లినా వదలరు" అంటుంది. దీనికి రెండే రెండు నియమాలు. ఒకరన్న మాట ఇంకొకరు అనకూడదు. టీచరు ఎత్తిన చెయ్యి దించేదాకా పాట ఆపకూడదు. ఆ రెండు మాత్రం పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఇలాంటి బడికి రెండేళ్ల కిందట దాపురించాడు కొత్త ప్రిన్సిపాలు. గోధుమరంగు సఫారీ సూటు, ముందు బొజ్జ, వెనకాల మనిషి. జేబులో ముప్ఫై తాళంచెవుల గుత్తి. చెయ్యి జేబులో పెట్టి దాన్ని ఆడిస్తూ నడుస్తాడు, గళ్లు గళ్లుమంటూ. కనపడినదానికల్లా తాళం వేస్తాడు. చాక్‌పీసుల బీరువాకి తాళం, ఆటవస్తువుల పెట్టెకి తాళం, ఆఖరికి చేతులు కడుక్కునే సబ్బుకి కూడా చిన్న పెట్టె చేయించి తాళం వేయించాడు మహానుభావుడు.

ఈ ఏడు సెలవలైపోయి బడి తెరిచేసరికి పాటల గదికి తాళం పడింది. లోపల విరిగిన బల్లలు పేర్చారు. అక్క హార్మోనియం పెట్టె లోపలే ఉండిపోయింది. అది బడిది కాదు, మా నాన్న వాయించిన పెట్టె. చిన్నప్పుడు అక్క ఒళ్లో నేను, నా చేతిలో ఆ పెట్టె తిత్తి. అక్కే రోజూ రిక్షాలో తీసుకెళ్లలేక అక్కడ ఉంచింది.

అక్క వెళ్లి అడిగింది. టీచర్లందరూ చూస్తుండగా అన్నాడట:

"గదిలో ఉన్నవన్నీ స్కూలువే మేడం. అయినా పసిపిల్లల పాటలకి పెట్టె దేనికండీ? చప్పట్లు కొట్టుకోండి. వార్షికోత్సవం అయ్యాక ఎలాగూ పాటల క్లాసు తీసేస్తున్నాం. మీరు ఆఫీసులో కూచుని హాజరు రాసుకుందురుగాని."

ఎవరో కిసుక్కున నవ్వారట కూడా. వాళ్ల నోరు పడిపోను!

ఆ సాయంత్రం అక్క నా కొట్టుకొచ్చి స్టూలు మీద కూచుంది. మంచినీళ్లడిగింది, ఇస్తే తాగలేదు. "వీణ్ణి వదలనే" అంది. మిషను చప్పుడులో సరిగా వినపడనంత మెల్లగా అంది. జాకెట్లు కత్తిరించే ఖాకీ కాగితం లాక్కుని, నా మార్కింగు సుద్దతో గంటలో పాట రాసేసింది:

*ఎలుగుబంటి మామకి ఎన్నెన్ని తాళాలో!*
*గళ్లు గళ్లు గళ్లుమని ఎన్నెన్ని తాళాలో!*
*తేనెపట్టుకో తాళం, తేనెటీగకో తాళం,*
*తుమ్మొస్తుందేమోనని ముక్కుకో తాళం!*
*ఇంకా దేనికేశాడు? ఇంకా దేనికేశాడు?*

అక్కడ ఖాళీ. నేను పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాను. అక్క నవ్వలేదు.

వేషాల కొలతలకని వెళ్లి వరండాలో వాళ్ల సాధన చూశాను. ఖాళీ రాగానే ఒకడు "తాతయ్య పళ్లసెట్టుకో తాళం!" అన్నాడు. ఇంకొకతె "హోంవర్కుకో తాళం!" అంటే మిగతావాళ్లు గంతులేశారు. అసలు తమాషా నడకలో ఉంది. ఎలుగుబంటిలా నడవండర్రా అంటే నలభై మందీ బొజ్జ ముందుకు తోసి, చెయ్యి జేబులో పెట్టి ఆడిస్తూ నడిచారు.

"నేనేమీ చెప్పలేదే, నీమీదొట్టు" అంది అక్క.

"నువ్వు చెప్పకపోతే వాళ్లకి కళ్లు లేవా!" అన్నాను.

ఇక నేనూరుకుంటానా? ఎలుగుబంటి వేషానికి అచ్చం అదే గోధుమరంగు గుడ్డ వెతికి తెచ్చాను. ముందు రెండు పెద్ద జేబులు, లోపల బొజ్జకి దూది, నడుముకి సీసామూతల గుత్తి. నా కసంతా ఆ కుట్టులో పెట్టి కుట్టాను.

తీరా రెండు రోజులుందనగా అక్క వచ్చి నీళ్లు నమిలింది. "ప్రిన్సిపాలు సాధన చూశాడే. తనేనని తెలీలేదు, పడీపడీ నవ్వాడు. ప్రోగ్రాం బాగా జరిగితే పెట్టె తిరిగిచ్చేస్తాడట. క్లాసు పోతే పోయింది. నాన్న పెట్టె ఇంటికొస్తే చాలు నాకు."

"నీ పెట్టె నీకివ్వడానికి వాడి దయేంటి? సిగ్గులేదూ నీకు?"

"మెల్లగా మాట్లాడు. నడక మామూలుగా చెయ్యమన్నాను. ఖాళీలో కూడా పిచ్చిమాటలొద్దు, 'తోకకో తాళం' అనమని, ముందుకొచ్చి మాట అనే ముగ్గురికీ చెప్పాను. నువ్వు ఆ జేబులు విప్పెయ్."

"ఒక్క కుట్టు విప్పను. కావాలంటే కత్తెర అదిగో, నువ్వే కోసుకో."

కత్తెర వంక చూసింది, ముట్టుకోలేదు, వెళ్లిపోయింది.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. ముందు వరసలో బడి పెట్టిన పెద్దావిడ, పక్కనే ప్రిన్సిపాలు. నేను తెర పక్కన సూదీ దారం పట్టుకుని నిలబడ్డాను. అక్క వేదిక కింద పిల్లలకెదురుగా నిలబడి చెయ్యెత్తింది.

పాట మొదలైంది. ఎలుగుబంటి వేషం వేసిన పిల్ల మామూలు నడకన్నదే మర్చిపోయింది. బొజ్జ ముందుకి, చెయ్యి జేబులోకి! హాలు గొల్లుమంది. ప్రిన్సిపాలైతే ఉత్సాహం పట్టలేక తన గుత్తి బయటికి తీసి గళ్లు గళ్లుమని తాళం వెయ్యడం మొదలెట్టాడు. వెనక వరసలవాళ్లు వేదికనీ ఆయన్నీ మార్చి మార్చి చూసి నోళ్లకి కొంగులడ్డం పెట్టుకున్నారు.

మొదటి ఖాళీకి ఒక పిల్ల "తోకకో తాళం!" అంది, చెప్పినట్టే. రెండోవాడు వచ్చి నోరు తెరిచి ఆగాడు. అప్పుడు తట్టింది నాకు, అక్క చేసిన పొరపాటు. ముగ్గురికీ ఒకే మాట ఇచ్చింది. ఒకరన్నది ఇంకొకరు అనకూడదని నేర్పింది కూడా తనే! వాడు కాస్త ఆలోచించి "మీసానికో తాళం!" అన్నాడు.

మూడోది ముందుపళ్లు ఊడిన బుడ్డిది. గబగబా ముందుకొచ్చి గొంతు చించుకుని అరిచింది: "మా పాటల గదికో తాళం!"

నలభై గొంతులూ అందుకున్నాయి. పాటల గదికో తాళం! పాటల గదికో తాళం! గళ్లు గళ్లుమంటున్న గుత్తి ఠక్కున ఆగింది.

పెద్దావిడ పక్కకి తిరిగింది. "ఏ గదికయ్యా?"

"అదీ... రిపేరుందనమ్మా..."

ఆవిడ ఇంకేమీ అడగలేదు, అరచెయ్యి చాపింది. ఆయన ముప్ఫై తాళంచెవులు వెతకడం మొదలెట్టాడు. ఒక్కదానికీ గుర్తు లేదు. ఇది కాదు, ఇదీ కాదు. గుత్తి కింద పడింది. వంగి తీసుకుని మళ్లీ మొదటినుంచి. పైన పిల్లలు మాత్రం ఎన్నెన్ని తాళాలో అంటూ పాడుతూనే ఉన్నారు, ఎందుకంటే అక్క చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆయన మొహాన చెమట కారిపోతోంది. పాట నాలుగోసారి తిరిగింది, అయిదోసారి తిరిగింది.

"అక్కా, ఇక చాలు, దించవే" అన్నాను తెర పక్కనుంచి.

వెనక్కి తిరగకుండానే, పెదవి కదిలీ కదలనట్టు అంది: "ఇంకా దొరకలేదుగా."

దొరికాక దించింది.

గది తెరిచారు. హార్మోనియం తిత్తి ఒక మూల ఎలుకలు కొట్టేశాయి. దానికి నేను తోలు మాసిక వేశాను, ఇప్పుడు కొంచెం గస పెడుతూ పలుకుతోంది. పాటల క్లాసు ఉండాల్సిందేనని పెద్దావిడ అక్కడే తేల్చి చెప్పేసింది.

ఆ తర్వాత వారం ప్రిన్సిపాలు పాటల గది గుమ్మం దగ్గరికొచ్చాడట. చెయ్యి జేబు మీద అదిమిపెట్టుకుని, చప్పుడు కాకుండా. "మేడం, పిల్లలు నేను కనపడితే చాలు ఆ పాట ఎత్తుకుంటున్నారు. దయచేసి మాన్పించండి" అన్నాడట.

అక్క పెట్టె మీంచి తలెత్తి, మెల్లగా, చాలా మెల్లగా చెప్పిందట: "బయటికొచ్చేసిన పాట సార్. దానికి తాళం ఎక్కడ వెయ్యమంటారు?"

ఆయన తిరిగి వెళ్తుంటే, చెయ్యెత్తిందట.