రెబ్కమ్మగారి టీ

పని మీద పడ్డప్పుడల్లా రెబ్కమ్మగారు టీకి వెళ్తారు. ఒంగోల్లో ఒక ఆసుపత్రికి ఆవిడ మేట్రన్, నర్సులందరికీ పెద్దదిక్కు. క్యాజువాలిటీ గుమ్మంలో అంబులెన్సు ఆగిందంటే చాలు, పెద్దదిక్కు గ్లాసుతో సహా మాయం.

"మేడమ్ ఏరి?" అని డాక్టరు అడిగితే ఆయాలంతా ఒకే గొంతుతో "టీకండి" అనేవాళ్లు. క్యాంటీన్ మూసిన రోజున కూడా ఆవిడ టీకే వెళ్లారు. క్యాంటీన్ నడిపే రహమాన్ "ఇంకెవరూ రాకపోయినా పర్లేదు, ఆ తల్లి చాలు నాకు" అనేవాడు.

ఈ ఏడు యాజమాన్యం సీనియర్ నర్సులకు నాయకత్వ శిక్షణ పెట్టింది. శనివారం శనివారం బిందుమాధవిగారు వచ్చి తెరమీద బొమ్మలేసి చెప్పేవారు. "ఆపద వస్తే నాయకుడు ముందు నిలబడాలి" అని ఆవిడ అంటుండగానే రెబ్కమ్మగారు లేచారు.

"ఎక్కడికండీ?"

"టీకి."

అందరూ నవ్వారు, క్యాజువాలిటీ నర్సు శాంతి తప్ప. శిక్షణ అయ్యాక క్యాజువాలిటీ ఇన్‌ఛార్జి ఎవరో తేల్చేది మేట్రనే. ఆ పోస్టు శాంతికి కావాలి. పని వచ్చు, గొంతే రాదు. పదిమందిలో నోరు తెరిస్తే తన మాట తనకే వినబడదు. "మీరే నేర్పాలి మేడమ్" అని ఎంత వెంటపడ్డా "చూద్దాంలేవే" అంటూ ఆవిడ గ్లాసు అందుకునేవారు. శాంతి మాత్రం వెంటపడటం మానలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరి వస్తున్న కూలీల ఆటో బోల్తా పడింది. అందర్నీ ఒకేసారి క్యాజువాలిటీకి తెచ్చారు. వాళ్ల బట్టల్లోని ఘాటుకి హాలంతా తుమ్ములు. శాంతి తిరిగి చూసేసరికి మేడమ్ గ్లాసు పట్టుకుని నడుస్తున్నారు.

"మేడమ్, ఇప్పుడా?"

"చల్లారిపోద్ది. నువ్వు చూడు."

శాంతి ఒక్కతే హాల్లోకి తిరిగింది.

"ముందు మా ఆడమనిషిని చూడండమ్మా" అని పిచ్చయ్య అనే కూలీ గోల. మోచెయ్యి గీరుకున్న ఆయన భార్య సుబ్బరావమ్మ గోల అంతకు రెండింతలు. బెంచీ చివర ఆరాధన అనే పిల్ల మాత్రం పొట్ట పట్టుకుని, చప్పుడు లేకుండా పాలిపోతోంది.

"ఆగండి" అంది శాంతి. ఎవరూ ఆగలేదు.

"ఆగమన్నానా!"

హాలు ఆగింది. శాంతే ఉలిక్కిపడింది. గబగబా ఆరాధన చేతికి బీపీ పట్టీ చుట్టి చూసింది.

"బాబాయ్, అరిచేవాళ్లకి ఊపిరాడుతున్నట్టే. పిన్నిని తీసుకుని ఆ గోడవారన కూర్చో. అరవనిదాన్ని ముందు చూడాలి. సార్, ఈ పిల్లకి బీపీ పడిపోతోంది, పొట్టలో దెబ్బ. ముందు స్కానింగ్."

పిచ్చయ్య కూర్చున్నాడు. డాక్టరు వచ్చి స్ట్రెచర్ పట్టాడు.

సాయంత్రానికి ఆపరేషన్ అయి, ఆరాధనకి గండం గడిచిందన్నారు. హాలు సద్దుమణిగింది. అప్పుడు హాలు పక్కనే ఉన్న దుప్పట్ల గదిలో ఎవరో తుమ్మారు. మళ్లీ తుమ్మారు. శాంతి వెళ్లి, ఓరగా వేసున్న తలుపు తీసింది.

రెబ్కమ్మగారు. రెండు చేతులకీ గ్లవ్స్. ఆ చేతుల్లో నిండు గ్లాసు, చల్లారిన టీ మీద తొరక.

"ఎప్పట్నించి ఉన్నారు మేడమ్ ఇక్కడ?"

"మొదట్నించీ. నువ్వు తడబడితే వద్దామని."

"ముందే రావచ్చుగా? నా ప్రాణాలు పోయాయి."

"నేను ఎదురుగా ఉంటే అందరూ నా మొహమే చూస్తారే, నువ్వు కూడా. ఇంక నీ గొంతు ఎప్పుడు లేస్తది?" అంటూ ఆవిడ గ్లాసు చేతికిచ్చారు. "ఇంద, తాగు. ఇన్‌ఛార్జివి, నీరసపడితే ఎట్లా?"

శాంతి ఒక గుక్క తాగి మొహం ముడిచింది. "ఇందులో పంచదారే లేదు మేడమ్."

"అవునా?" అన్నారు రెబ్కమ్మగారు, ఇంకో తుమ్ము ఆపుకుంటూ. "నాకేం తెలుసే, నేనెప్పుడు తాగాను?"