వెలుతురు కోసం విప్పిన కొట్టం కప్పు

మా చిన్నప్పుడు... గొర్రెల బొచ్చు కత్తిరించే రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. గొర్రె బెదిరి కదిలితే కత్తెర చర్మానికి తగులుతుందని నాయిన భయం.

మాది ధరూర్ దగ్గర పల్లె. ఊరి చివర మా గొర్రెల కొట్టం... రాళ్ల గోడలు, పైన బోదగడ్డి కప్పు, వంగి దూరాల్సిన వాకిలి. లోపల పట్టపగలే చీకటి. ఆ చీకట్లోనే నాయిన గొర్రె కాళ్లు కట్టి, ఒళ్లోకి లాక్కుని, కత్తెర ఆడించేవాడు. నల్లటి బొచ్చు దుప్పటిలాగా ఊడి వచ్చేది... ఆ ఉన్ని వాసన, కుంపట్లో పిడకల పొగ ఇప్పటికీ నా ముక్కులోనే ఉన్నాయి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బొచ్చు పోతే గొర్రె చలికి ఆగదు, అందుకే కుంపటి వేడి అందేటన్ని గొర్రెలకే ఒక రోజు కత్తెర. వాటి ఒంటి మీద మళ్లీ కాస్త బొచ్చు గరుగ్గా మొలిచేదాకా కొట్టం దాటనిచ్చేవాళ్లు కాదు. ఆ తర్వాతే మిగిలినవాటి వంతు. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం... అవ్వ వాటిని బాలింత ఇంట్లో పసిపిల్లను చూసినట్టు చూసేది.

ఒక ఏడు సరిగ్గా కత్తెర రోజునే పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. మెడలో పెద్ద కెమెరా. ఈ పని ఫొటోలు తీసి, పట్నంలో అందరూ చూసేటట్టు గోడలకు పెడతాడట. నాయిన ఉబ్బిపోయాడు. పెట్టెలోంచి కొత్త రుమాలు తీసి తలకు చుట్టుకున్నాడు.

"బొచ్చు కత్తిరిచ్చెటోనికి గీ పెండ్లికొడుకు సోకులేందయ్యా?" అంది అవ్వ. అందరం నవ్వాం. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు.

ఆయన కొట్టంలోకి తొంగి చూసి పెదవి విరిచాడు. "ఇంత చీకట్ల ఫొటో రాదన్నా. పైన జర గడ్డి తీస్తే వెలుతురు పడ్తది."

అవ్వ బయటికి వచ్చి ఆకాశం చూసింది. "పడమర నల్లగైంది. గిప్పుడు ఎవలన్న కప్పు ఇప్పుతరా?"

"సారు పోయినంక మల్ల కప్పుత. నువ్వు జర ఊకో," అని నాయిన నిచ్చెన వేశాడు.

వెలుతురు పడింది. నేను పుట్టాక మొదటిసారి ఆ గోడల మీది సాలెగూళ్లు చూశాను. నాయిన చేతులు, కత్తెర, గాలిలో తేలే ఉన్ని పోగులు... అన్నీ మెరిశాయి. అందంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఇంకొకటి," అన్నాడు ఆయన. నాయిన ఇంకొకటి కత్తిరించాడు. కుంపటి వేడి సంగతి ఎవరికీ గుర్తు లేదు. చివరికి నా సుక్కిని లాగారు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న గొర్రె అది, నా చేతి గడ్డి తిని పెరిగింది.

"దాన్నొద్దు నాయినా... నిన్నటి సంది దగ్గుతుంది," అన్నాను.

"ఫొటోల నీ సుక్కే మంచిగ కనపడ్తది బిడ్డా."

పొద్దు వాలేసరికి మందంతా బోడి. ఫొటోలు పంపిస్తానని చెప్పి ఆయన బస్సెక్కాడు. నాయిన నిచ్చెన ఎక్కేలోపే వాన... తడిసిన గడ్డి జారిపోయింది. ఇంట్లోని గొంగళ్లన్నీ తెచ్చి ఆ సందుకు అడ్డం కట్టారు. నీళ్లు తాగి, బరువుకు తెగి, అవీ కూలాయి. కుంపటి ఆరిపోయింది.

తెల్లారి చూస్తే గొర్రెలు గోడ వారగా ఒకదాని మీద ఒకటి ఒదిగి ఉన్నాయి. సగం మంద మళ్లీ లేవలేదు. సుక్కి కూడా...

అవ్వ తిట్టి ఉంటే నాయినకు కొంచెం ఊపిరి ఆడేదేమో. మిగిలినవాటిని అమ్మేసి మట్టి పనికి వలస పోయాడు. కత్తెర మళ్లీ పట్టలేదు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ, చెప్పుల్లోంచి కాలు తీయకముందే అడిగేవాడు... "ఫొటో వచ్చిందా?"

రాలేదు.

అప్పటి నుంచి మబ్బు పడితే నాకు దడ. ఆరేసిన బట్టలు, బడికి పోయిన పిల్లలు, పొలంలో కొడుకు... ఎవరి మీద వాన పడుతుందో అని ఇంట్లోకి, వాకిట్లోకి తిరుగుతుంటాను. "మబ్బు కనపడ్తే సాలు, మా అత్తమ్మ ఇంటి కప్పుకే కాపలా ఉంటది," అని కోడలు వాడకట్టంతా చెప్పి నవ్వుతుంది. నవ్వుకోనీ.

ఇప్పుడు మా ఊళ్లో నల్ల ఉన్ని గొర్రెలే లేవు. ఉన్నవన్నీ మాంసానికి పెంచేవి, వాటికి కత్తెరతో పని లేదు. కొట్టానికి గోడలే మిగిలాయి. మొన్న గద్వాల నుంచి ఒక జంట కారులో వచ్చింది. పెళ్లికి ముందు తీసే ఫొటోలట. అటక మీది నాయిన కత్తెరను కోడలే తీసి ఇచ్చింది. పెళ్లికూతురు ఆ తుప్పు కత్తెర పట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వుతోంది. సరిగ్గా ఆ రాత్రి గొర్రెలు ఒదిగిన గోడ...

"జల్ది కానియ్యుండ్రి బిడ్డా, మబ్బు పడ్తుంది," అన్నాను.

ఫొటోలు తీసే అమ్మాయి పైకి చూసింది. "పరేషాన్ గాకవ్వా. కప్పు లేదు గద... లైటింగ్ మస్తుగొస్తుంది."

నేను ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పాత ఫొటోలు ఉంటాయి. ఉంటే ఈ పోస్టు కింద పెట్టండి, చూస్తాను. కొత్త రుమాలు చుట్టుకుని, నుదుట తెల్ల మచ్చ ఉన్న గొర్రెను ఒళ్లో పెట్టుకున్న మనిషి ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి... ఆయన మా నాయిన. కానీ ఆ ఫొటో కింద మాత్రం, "ఆ రోజులే బాగుండేవి" అని రాయకండి.