అమ్మవారి కొలువులో వైరస్‌కి యూటర్న్

ఆ వార్త నాకు మొదట మోసుకొచ్చినది పై అంతస్తు కామాక్షిగారు. ఫోన్ చేయలేదు, స్వయంగా కిందికి దిగి వచ్చారు. ఆవిడ దిగి వచ్చారంటే విషయం చిన్నది కాదని మా బిల్డింగ్‌లో అందరికీ తెలుసు.

"ఏమండీ, స్వాతి బొమ్మని మీరేం చేశారు? ఇంటర్వ్యూలో పెట్టె మూత తీయగానే ఆ పిల్లకి నోట మాట రాలేదట. మా వారిది ఆ కంపెనీయే కదా, ఆ గదిలోనే ఉన్నారు."

నేను చేసింది ఉపకారం. ఆ ఉపకారం ఒక పిల్ల ఉద్యోగాన్నీ వీసానీ ఒకే దెబ్బకి ఎలా ముంచబోయిందో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

అప్పటికి నేను అమెరికాలో ఈ ప్లెయిన్స్‌బరో ఊరికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. పక్క ఫ్లాట్ స్వాతి పీహెచ్‌డీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటోంది. ఒక ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది, అందులో రాకపోతే వీసా గడువు అయిపోయి వెనక్కి వెళ్లాల్సిందే. ఇంటర్వ్యూలో చూపించడానికి ఒక మోడల్ చేసుకుంది. రూమ్మేట్ పిల్లి దాన్ని పీకి పెడుతుందని మా ఇంట్లో దాచమంది. దసరా రోజులు కదా, మా ఇంట్లో ఖాళీ ఉన్నది బొమ్మల కొలువులో కింది మెట్టు ఒక్కటే. అక్కడే పెట్టాను.

"ఇదేంటమ్మా, పళ్లెంలో ఊరు కట్టావు?" అన్నాను.

"ఊరే ఆంటీ. ఇది మన ఒంట్లో ఒక సెల్. మధ్యలో ఈ బంతి న్యూక్లియస్, అంటే మెయిన్ ఆఫీస్ అనుకోండి. అంచు నుంచి దానిదాకా ఈ రోడ్లు. సెల్ తన సామాను మోసుకోవడానికి రోడ్ల మీద మోటార్లు పెట్టుకుంటుంది, అవి ఈ బొమ్మ కార్లు."

"మరి కార్ల మీద ఈ ముళ్ల పూసలు?"

"వైరస్‌లు. వాటికి కాళ్లు లేవు ఆంటీ. మన కార్లే ఎక్కి మెయిన్ ఆఫీస్‌కి పోతాయి."

"అంటే మన బండెక్కి మన ఇంటికే దోపిడీకి వస్తాయన్నమాట."

"టికెట్ కూడా కొనవు."

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. నా చదువంతా మా మేనత్త ఇంట్లో కూర్చోబెట్టి చెప్పినదే. ఆవిడ తెలుగు, లెక్కలు, స్తోత్రాలు క్షుణ్ణంగా చెప్పింది. ఆ తల్లికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. సైన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అంతా స్వామి లీల" అని పుస్తకం మూసేసేది. ఆ లీలలో నేను చేయి పెడతానని పాపం ఆవిడ ఊహించలేదు.

ఆ సాయంత్రం పేరంటానికి వచ్చిన కామాక్షిగారు తాంబూలం అందుకుంటూ కొలువు వైపు చూశారు. "పిన్నిగారూ, ఆ ముళ్లవేంటి? రోగాలా? అమ్మవారి ఎదురుగా రోగాలు లోపలికి వస్తున్నట్టు పెట్టారా?"

ఇక నాకు సెనగలు కూడా సహించలేదు. అందరూ వెళ్లాక మెట్టు ముందు కూర్చున్నాను. ఒక్కొక్క కారునీ ఊడదీసి, ముక్కు బయటికి తిప్పి, పళ్లెం అంచుదాకా జరిపాను. మళ్లీ లోపలికి జారకుండా గట్టి జిగురుతో అంటించాను. పాపం ఇన్నాళ్లూ దోపిడీకి గురైన మెయిన్ ఆఫీస్‌కి కుంకుమ బొట్టు పెట్టాను. రోగాన్ని ఊరి పొలిమేర దాటించిన గ్రామదేవతలా తృప్తిగా నిద్రపోయాను. పొద్దున్నే బొమ్మని పెట్టెలో సర్ది ఇచ్చాను, స్వాతి మూత తీయకుండానే కారెక్కింది. నేను గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను కూడా.

కామాక్షిగారు వార్త చెప్పి వెళ్లాక నేను దేవుడి ముందు నుంచి లేవలేదు. వెలిగించడానికి వత్తులు అయిపోయేసరికి స్వాతి వచ్చింది.

"ఆంటీ, కార్లు మీరే తిప్పారా?"

"రోగాన్ని బయటికి పంపేద్దామని, తల్లీ. నీ సెల్‌కి నయం చేద్దామనుకున్నాను."

"అవి పారిపోవట్లేదు ఆంటీ. వైరస్ ఆఫీస్‌లో దూరి, తనలాంటివి బోలెడు తయారుచేసి, వేరే మోటార్లు ఎక్కించి అంచుకి పంపిస్తుంది. అక్కడి నుంచి పక్క సెల్స్ మీద పడతాయి. మీరు చేసింది నయం కాదు, డెలివరీ."

అమ్మవారి సాక్షిగా ఊరంతటికీ రోగం పంచిపెట్టానన్నమాట.

"మరి వాళ్లతో ఏం చెప్పావమ్మా?"

"జిగురు ఊడితే కదా. 'కథ చివరి నుంచి మొదలుపెడతాను' అన్నాను. ముందు బయటికి ఎలా వెళ్తాయో చెప్పి, తర్వాత లోపలికి ఎలా వచ్చాయో బోర్డు మీద గీశాను."

"బొట్టు గురించి అడగలేదా?"

"న్యూక్లియస్ లోపల నిజంగానే అలాంటి చుక్కొకటి ఉంటుంది ఆంటీ. దాన్నే చూపించాననుకుని ఒకాయన మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు."

ఉద్యోగం వచ్చింది. స్వామి దయ, స్వాతి తెలివి. ఇందులో నా వాటా జిగురు మాత్రమే. అందుకే ఇదే నా ప్రతిజ్ఞ: ఇక మీదట నా గడప తొక్కిన ఏ జీవకణంలోనూ ట్రాఫిక్ మళ్లించను. ఎవరు ఎటు వెళ్లాలో ఆయనకి తెలుసు. బొట్టు మాత్రం పెడతాను, అది పనిచేసింది.

ఒక్క మనవి. ఉద్యోగమైతే ఉంది గానీ హెచ్‌వన్‌బీ వీసా లాటరీలో స్వాతి పేరు ఇంకా రాలేదు. మీరు దీపం పెట్టినప్పుడు ఆ పిల్లని ఒక్కసారి తలుచుకోండి. నేనే తలుచుకుంటే, మళ్లీ వెనక్కి తిప్పేస్తానేమోనని భయం.