మోచేతి పాఠం

ఆ మర్దనశాలలో నాలుగు బల్లలుండేవి. మూడో బల్ల దగ్గర పనిచేసే ఆవిడను అందరూ పిన్ని అనేవారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా, వరస చూసుకోకుండా, పిన్నీ అనే పిలిచేవారు. ఇరవయ్యారేళ్లుగా ఆ బల్లమీద బోర్లా పడుకున్న వీపులే ఆమె చదువు. మనిషి తెర తొలగించుకుని లోపలికి వస్తూంటేనే, ఏ భుజం ఎత్తిపెట్టి నడుస్తున్నాడో చూసి, కూర్చుని రాసే ఉద్యోగమో నిలబడి అమ్మే ఉద్యోగమో చెప్పేసేది.

గోడకు యజమాని వేయించిన బోర్డొకటి ఉండేది, మర్దనల రకాలూ వాటి లాభాలూ అంటూ. పిన్నికి అదంటే చులకన. "షుగరు తగ్గుతుందట. ఇంకో అడుగు జాగా మిగిలుంటే బట్టతల మీద జుట్టు కూడా మొలిపించేవారు" అనేది. ఆమెకు తెలిసిన లాభాలు చిన్నవి. నిద్రపట్టనివాళ్లకు నూనెతో పొడుగ్గా, తేలిగ్గా నిమరడం. బిగుసుకున్న కండకు లోతుగా నొక్కడం. రోజంతా నిలబడేవాళ్లకు పాదాలు, రోజంతా కంప్యూటరు తెరను చూసేవాళ్లకు మెడా కణతలూ. ఆటగాళ్లకైతే ఆటకు ముందు చురుగ్గా, ఆట అయ్యాక నెమ్మదిగా. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే మాత్రం చెయ్యి వేసేది కాదు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లిరమ్మనేది. "మన చేతులు చేయగలిగేది కాస్తే. ఆ కాస్తా సరిగ్గా చెయ్యాలి."

ధ్రువపత్రం లేనివాళ్లు బల్ల ముట్టుకోకూడదని కొత్త నిబంధన వచ్చింది.

"నా చేతిలో ఏముంది పిన్నీ" అన్నాడు యజమాని. "పరీక్షకు రెండుసార్లు కూర్చోనిస్తారు. పాసైతే మూడో బల్ల నీదే. రెండోసారీ తప్పితే తువాళ్లు ఉతికే గదిలో ఏదో పని చూస్తాను."

పిన్ని భర్త లిఫ్టు నడిపి రిటైరైనవాడు. పాఠ్యపుస్తకం తెచ్చి ఆమెకు చదివి వినిపించడం ఆయన వంతయింది. "తాతకు దగ్గులు నేర్పుతారన్నమాట. ముప్పయ్యేళ్లు పైకీ కిందికీ తిరిగాను, నన్నెవరూ పరీక్షించలేదు."

"చాల్లెండి, చదవండి" అంటూనే ఆమె అట్టవెనక పుస్తకం రాసినావిడ ఫొటో చూసి ఆగిపోయింది. "ఈ పిల్ల మన పిల్లండీ! పన్నెండేళ్ల కిందట నా దగ్గర మూడు నెలలు నేర్చుకుంది."

ఆ సాయంత్రం పక్కింటావిడకు కూడా ఆ ఫొటో చూపించి వచ్చింది. ఆ సంబరం మర్నాటిదాకానే. 'నడుము మర్దనలో బొటనవేళ్లు వాడరాదు. ఎవరికైనా మోచేయి మాత్రమే వాడవలెను' అని ఆయన చదివాడు. ఆమె మళ్లీ చదవమంది. మూడోసారి చదివించుకుని, కుడి బొటనవేలు వంక చూసుకుంటూ కూర్చుంది.

ఆ పిల్ల రావడానికి ముందురోజే ఆవిరిగది తలుపు సందులో ఆ వేలు నలిగింది. మూడు నెలలు కట్టు. వేరే గతిలేక పిన్ని మోచేత్తో నెట్టుకొచ్చింది, అదీ కండపట్టిన మనుషులకే. బక్కవాళ్లను పక్కబల్లకు పంపేసేది. కట్టు విప్పేసరికి పిల్ల వెళ్లిపోయింది.

"అడ్డదారిని రహదారి చేసేసిందన్నమాట" అన్నాడాయన. ఆమె నవ్వలేదు.

పరీక్షరోజు బల్లమీద పడుకున్నది ఎముకల గూడులాంటి అమ్మాయి, మాట్లాడకుండా పడుకోవడానికి కుదుర్చుకున్న మనిషి. మార్కుల కాగితాలు పట్టుకుని నిలబడ్డది పుస్తకం రాసిన ఆ శిష్యురాలే. పిన్ని వెన్నుకు అటూ ఇటూ బొటనవేళ్లు ఆనించి, ఊపిరి లయనుబట్టి నొక్కుకుంటూ పోయింది.

"పుస్తకంలో ఎలా ఉందండీ?"

"మోచెయ్యని ఉంది. ఈ అమ్మాయికి కండేదీ? ఎముకకు తగుల్తుంది."

శిష్యురాలు తప్పు గుర్తు పెట్టింది. తర్వాత వరండాలోకి తీసుకెళ్లి గొంతు తగ్గించింది. "ఏంటి పిన్నీ ఇది?"

"నువ్వొచ్చినప్పుడు నా వేలికి కట్టుంది. గుర్తులేదూ?"

ఆమె చూపు పిన్ని కుడి బొటనవేలి మీదికి పోయింది. గుర్తున్నట్టే ఉంది. "పుస్తకం మూడోసారి అచ్చయింది పిన్నీ. ఎంతమందో అదే చదివి పాసయ్యారు. ఇప్పుడు తప్పంటే వాళ్ల కాగితాలేం కావాలి? నేనేం కావాలి?"

"మరి వాళ్ల చేతికింద పడుకునే నడుములేం కావాలి?"

"వచ్చేవారం రా. పుస్తకంలో ఉన్నట్టు చెయ్యి. నీకు దణ్ణం పెడతాను."

ఇంట్లో ఆయనా అదే అన్నాడు. "ఒక్కరోజు మోచెయ్యి ఆనించి వస్తే ఏం పోతుంది? ఆనక నీ బల్ల, నీ వేలు."

"పోయేది నాది కాదుగా. పడుకున్న పిల్లది" అంది పిన్ని. కానీ ఆ వారమంతా ఉతికేగది ముందునుంచి వెళ్లినప్పుడల్లా అడుగు తొందరగా వేసింది. ఇరవయ్యారేళ్ల తర్వాత మనిషి ఒంటికి బదులు తడిగుడ్డ పట్టుకోవడం ఊహించుకోలేకపోయింది.

రెండోసారీ అదే అమ్మాయి. పిన్ని మోచెయ్యి మోపింది. వీలైనంత బరువు తనమీదే ఆపుకోవాలని చూసింది గానీ, "ఇంకాస్త ఒత్తిడి" అని వెనకనుంచి వినిపించింది. ఒత్తింది. దుప్పటి అంచును అమ్మాయి పిడికిలి గట్టిగా పట్టుకోవడం చూస్తూనే, పుస్తకంలో చెప్పిన లెక్క పూర్తయ్యేదాకా ఒత్తింది. కాగితం మీద కలం గీసిన చప్పుడైంది.

"పాసయ్యారు. ఏమైనా చెప్పాలా?"

వెన్నుపక్కన ఎర్రగా కందిన చోట నూనె తుడిచి, పిన్ని దుప్పటి పైకి లాగింది. "ఏం లేదు మేడమ్."

చేతులు కడుక్కుని వస్తూంటే వరండాలో ఆ అమ్మాయి ఎదురైంది. ఒక చెయ్యి నడుముకు ఆన్చుకుని నడుస్తోంది.

"పోయినవారం కూడా మీరే కదండీ? ఆ రోజు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను. ఇవాళ అలా చెయ్యలేదేం?"

"ఆ రోజు తప్పు చేశానమ్మా" అంది పిన్ని. "అందుకే పాస్ చెయ్యలేదు."